పసుపు అంటిన ప్రూఫు

మాస్టారు పోయారన్న కబురు మా ఎదురు సైకిల్ షాపు భాయ్ తెచ్చాడు. గురువారం ఉదయం పదకొండు గంటలయి ఉంటుంది. నేను ప్రెస్సులో సీసపు అక్షరాలుండే టైపు కేసు ముందు నిలబడి, శనివారం రావలసిన పత్రికకు మాస్టారు రాసిచ్చిన వ్యాసం కంపోజు చేస్తున్నాను. "అమ్మా, మాస్టారు లేరమ్మా. కుర్చీలో కూర్చున్నోళ్ళు కూర్చున్నట్టే పోయారంట," అని భాయ్ గుమ్మం బయటే ఆగి చెప్పాడు. నా చేతిలో, అక్షరాలు పేర్చే స్టిక్కులో నాలుగో పంక్తి సగంలో ఉంది. పంక్తి నిండకుండా కింద పెడితే అక్షరాలు ఒరిగిపోతాయి. ఏం చెయ్యాలో తెలియక, మా ఆయన వచ్చిందాకా దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాను.

మాస్టారు నరసరావుపేట కాలేజీలో ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పారు. రిటైరయ్యాక ఈ నాలుగు పేజీల వారపత్రిక మొదలుపెట్టారు. మొదటి సంచిక నుంచీ ఇది మా ప్రెస్సులోనే అచ్చవుతోంది. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. ముప్పాళ్ళ దగ్గర పల్లెటూరు నుంచి పెళ్ళయి ఇక్కడికి వచ్చాక మా ఆయనే నాకు కంపోజింగు నేర్పారు. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. టైపు కేసు వెనుక నిలబడితే ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. ఆ పని నాకు నచ్చింది అందుకే.

ఇన్నేళ్ళూ ఇతరులు రాసినవి పేర్చాను. ఇప్పుడు నేనే రాయడానికి మాస్టారి మీద గౌరవం ఒక కారణం. రెండోది ఒక తప్పు సంగతి. మూడేళ్ళ క్రితం ఈ పత్రికలో రావలసిన ఒక వార్త అచ్చు కాకముందే బయటికి పోయింది. అది మా ఆయన పనేనని ఊళ్ళో అనుకున్నారు, ఇప్పటికీ అనుకుంటున్నారు. నిజం అది కాదు. ఎట్లా జరిగిందో చెప్పాలంటే ముందు మాస్టారు ఎలాంటివారో చెప్పాలి.

నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో ఒక ఉదయం వాకిట్లో చుక్కల ముగ్గు వేస్తుంటే ఆయన గొడుగు మడిచి పట్టుకుని గేటు బయట నిలబడ్డారు. నేను పైట సర్దుకుని లోపలికి పోబోయాను.

"పోబాకమ్మాయ్. ఒక్క పని చేసిపెట్టు. చుక్కలెన్ని ఉన్నాయో లెక్కపెట్టు. చుక్కకీ చుక్కకీ మధ్య గీతలెన్నో లెక్కపెట్టు. గీతల మధ్య గళ్ళెన్నో లెక్కపెట్టు. చుక్కల్లోంచి గీతలు తీసేసి గళ్ళు కలుపు. ఎంతొచ్చింది?"

లెక్కపెట్టాను. ఒకటి వచ్చింది.

"రేపు ఇంకో ముగ్గు వెయ్యి. ఎట్టా అన్నా వెయ్యి, వంకరగా వెయ్యి, సాగదీసి వెయ్యి. ముక్కలు ముక్కలుగా కాకుండా మొత్తం కలిసుంటే చాలు. గీతలు ఒకదాన్నొకటి దాటినచోట చుక్క ఉన్నట్టే లెక్క."

వారం రోజులు రకరకాల ముగ్గులు వేశాను. ప్రతిరోజూ ఒకటే. పెద్ద ముగ్గు వేసినరోజు రెండొచ్చింది. మాస్టారితో తలుపు చాటునుంచి చెప్పాను. "మళ్ళీ లెక్కపెట్టు" అన్నారు. ఒక గీత మర్చిపోయాను. తప్పని ఆయన ఎవరితోనూ అనరు. మళ్ళీ లెక్కపెట్టు అంటారు, అంతే.

తర్వాత ఒకరోజు భాయ్ షాపులోంచి గాలి నింపిన సైకిల్ ట్యూబు తెచ్చి, సున్నపురాయి ముక్క నా చేతికిచ్చారు. దాని మీద చుట్టూ ముగ్గు వెయ్యమన్నారు. అరుగు మీద కూర్చుని ట్యూబు మొత్తం గళ్ళు గళ్ళుగా గీశాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా సున్నా వస్తోంది.

"లెక్క నీది సరిగ్గానే ఉందమ్మాయ్. బంతి మీద గీస్తే ఎప్పుడూ రెండొస్తది. ట్యూబుకి మధ్యలో కంత ఉంది గదా, అందుకని సున్నా. ట్యూబుని నలుపు, మెలితిప్పు, సాగదియ్యి. ఆ సున్నా మారదు."

భాయ్ పంక్చరు అతికిస్తూ తలెత్తాడు. "సార్, ఆ గీతలు గీస్తే పంక్చరు యాడుందో తెలుస్తదా?"

"తెలవదు భాయ్. అది ట్యూబని తెలుస్తది."

"అరే, అది గీతలు లేకుండానే నాకు తెలుసు గదా సార్!"

మాస్టారు పడీపడీ నవ్వారు. నవ్వాగాక, ట్యూబు మీద పాకుతున్న చీమను చూపించారు. "నీకు తెలుసు భాయ్, నువ్వు బయట నిలబడి చూస్తున్నావు గాబట్టి. దీనికి తెలవదు. దానికి ఎటు చూసినా బల్లపరుపు నేలే. బంతి మీదున్నానో ట్యూబు మీదున్నానో తెలవదు. మనమూ అంతేగా. మనుండే చోటుకి బయటెక్కడ నిలబడతాం? అయితే ఆ చీమకి లెక్క వచ్చనుకో, ఉన్నచోటి నుంచే తెలుసుకోగలదు."

అలాంటి తలాలను మానిఫోల్డులు అంటారనీ, ఎంత సాగదీసినా మారని ఆ అంకెను ఇన్వేరియంటు అంటారనీ, కాలేజీలో ఉండగా వాటి మీద పరిశోధన చేద్దామనుకుంటే కుదరలేదనీ తర్వాత చెప్పారు. మద్రాసు నుంచి పోస్టులో పుస్తకాలు తెప్పించుకుని చదువుతూ ఉండేవారు. ఆ పుస్తకాలలో బొమ్మలు తప్ప నాకేమీ అర్థం కాలేదు. ఆయన మాట ఒకటి మాత్రం నిలిచింది. "చెంబుకి సొట్ట పడితే లోపల్నించి తడితే పోతది. కంత పడితే తట్టి లాభం లేదు. ఏది సొట్టో ఏది కంతో తెలుసుకోవడమే ఈ చదువు."

మూడేళ్ళ క్రితం వేసవిలో పిడుగురాళ్ళ వైపు ఒక సున్నపు బట్టీ గోడ కూలింది. కృష్ణ అవతలి నుంచి వచ్చిన కూలీలు ముగ్గురు చనిపోయారు. ఒకరే పోయారని బట్టీ యజమాని చెప్పాడు. మాస్టారు బస్సెక్కి గుడిసెల దగ్గరికి పోయి, చనిపోయినవాళ్ళ భార్యలతో మాట్లాడి, ముగ్గురి పేర్లూ రాసుకొచ్చారు. ఆ వార్త కంపోజు చేసింది నేనే.

బుధవారం మధ్యాహ్నం ఆ యజమాని మనిషి ఒకతను ప్రెస్సుకు వచ్చాడు. తెల్లచొక్కా, చేతికి గడియారం, మాట మెత్తన.

"మాస్టారూ, మీరేదో రాస్తన్నారంట. రాసుకోండి, ఎవురొద్దన్నారు? అచ్చెయ్యబోయే ముందు ఒక్కసారి మా అయ్యకి చూపించండి. తప్పులుంటే చెబుతాడు. మీకే మంచిది."

"వేశాక మొదటి కాపీ మీ అయ్యకే పంపిస్తాను," అన్నారు మాస్టారు.

"వేశాక దేనికండీ? కోర్టుకి పోయి ఆపిస్తే ఏం చేస్తారు?"

"పొండి. ఆపమంటే ఆపుతాను. మీ అయ్య మాత్రం కోర్టు కాదు."

అతను మా ఆయన వైపు తిరిగాడు. "ప్రెస్సు నీదిగా అబ్బాయ్. పిల్లా జెల్లా కలగాల్సినోడివి. నువ్వన్నా చెప్పు," అని వెళ్ళిపోయాడు.

అతను మలుపు తిరిగాక మా ఆయన అన్నారు: "చూపిస్తే పోయేదేంది మాస్టారూ? వాళ్ళేమన్నా అక్షరాలు తింటారా? నాలుగు మాటలు మెత్తన చెయ్యమంటారు, చేద్దాం."

"మాటలు నువ్వు మెత్తన చెయ్యమన్నా చేస్తాను. అది సొట్ట. ముందు చూపించడం కంత." ఆయన కాలితో తొక్కే అచ్చుమిషను, ట్రెడిల్ పక్కన స్టూలు మీద కూర్చున్నారు. "ఇంగ్లండులో పాత జడ్జీలు రెండొందల ఏళ్ళ నాడే ఒక మాట చెప్పారు. అచ్చు కాకముందు అడ్డం పడొద్దు. అచ్చయ్యాక తప్పుంటే శిక్షించండి. పత్రిక స్వేచ్ఛంటే అంతే, అంతకుమించి లేదన్నారు. మనకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో ఢిల్లీలో ఒక వారపత్రికని, వేసే ముందు మాకు చూపించమని సర్కారు హుకుం ఇచ్చింది. పెద్దకోర్టు చెల్లదని కొట్టేసింది. ఒక జడ్జి మాత్రం ఒప్పుకోలా. దేశం కల్లోలంగా ఉంటే ముందు చూడటం తప్పెట్టా అవుద్దన్నాడు. మరుసటేడే రాజ్యాంగం సవరించి, సబబైన అడ్డంకులు పెట్టొచ్చని రాసుకున్నారు. సబబంటే ఏందో అప్పట్నించీ తేలుస్తానే ఉన్నారు."

నేను కేసు వెనుక ఉన్నాను. మగవాళ్ళ మాటల మధ్య అంతకుముందు ఎన్నడూ నోరు తెరవలేదు. ఎట్లా వచ్చిందో ఆ మాట వచ్చేసింది. "రాశాక శిక్షుంటదని తెలిస్తే రాసేటప్పుడే చెయ్యి వణకదాండీ? అప్పుడది ముందు ఆపినట్టే గదా?"

మా ఆయన నా వైపు కొత్తమనిషిని చూసినట్టు చూశారు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ పాత మాటలో లోటు అదేనమ్మాయ్. అది కనిపెట్టడానికి జడ్జీలకే చానా కాలం పట్టింది. చెయ్యి వణుకుద్ది, నిజమే. నాదీ వణుకుతోంది, చూడు." చెయ్యి చాపి చూపించారు. నిజంగానే వణుకుతోంది. "అయినా వణికే చేత్తో రాయొచ్చు. కట్టేసిన చేత్తో రాయలేం."

మా ప్రెస్సులో ఒక ఆనవాయితీ ఉంది. శుభలేఖలు అచ్చువేస్తే మొదటి కట్టకు పసుపు రాసి ఇంటి ఇల్లాలి చేత ఇప్పిస్తారు. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఆమె ఇచ్చారు, తర్వాత నా వంతయింది. గురువారం మధ్యాహ్నం మా ఆయన భోజనానికి లోపలికి వెళ్ళినప్పుడు ఎవరో ఇద్దరు పెళ్ళివారు వచ్చి తమ శుభలేఖలు అడిగారు. వాళ్ళ మొహం చూడటానికే సిగ్గుపడి, గబగబా కార్డులు కట్టగట్టి, అంచులకు పసుపు రాసి, పైన చుట్టడానికి చిత్తుకాగితాల బుట్టలోంచి ఒక తెల్లని కాగితం తీశాను. ఒకవైపే అచ్చు, రెండోవైపు తెలుపు. తెలుపు పైకి వచ్చేలా చుట్టి, పురికొస కట్టి, తల వంచుకుని ఇచ్చాను. ప్రెస్సువాళ్ళం ఏది చుట్టినా అలాగే చుడతాం. ఉప్పూ పప్పూ కూడా మా ఇంట్లో పాత ప్రూఫుల్లోనే ఉంటాయి. అచ్చు వైపు చూసే అలవాటు మాకుండదు.

శుక్రవారం ఉదయం మాస్టారు ఆఖరి ప్రూఫు చూస్తున్నారు. ఆయన ప్రూఫు కిందనుంచి పైకి చదివేవారు. అట్లా అయితే కథలో పడిపోకుండా అక్షరాలు కనిపిస్తాయనేవారు. బుధవారం వచ్చిన మనిషే మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

"ముగ్గురని రాశారు. పేర్లు కూడా వేశారు. 'గోడ బీటలు వారిందని కూలీలు ముందే చెప్పినా వినలేదు' అని మూడో పేరాలో ఉంది. అవునా?"

మాస్టారు చేతిలో ఎర్రసిరా కలం ఆగిపోయింది. "మీకెట్టా తెలుసు?"

అతను జేబులోంచి కాగితం మడత తీసి బల్ల మీద పరిచాడు. మొదటి పేజీ ప్రూఫు. "మాకు చూపించేవాళ్ళు మాకున్నారు. ఇప్పుడు వేసుకోండి, మా జాగ్రత్తలు మేం పడ్డాం," అని నవ్వి, కాగితం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకుని పోయాడు.

కాగితం పరిచినప్పుడు దాని మూలన పసుపు మరక కనిపించింది. నా బొటనవేలంత. ఆ శుభలేఖలు తీసుకుపోయింది బట్టీ యజమాని చుట్టాలని అప్పుడు అర్థమైంది.

మాస్టారు మా ఆయన వైపు చూశారు. మా ఆయన తల దించుకున్నారు. బుధవారం చూపిద్దామన్నది ఆయనే. ఇంకెవరి మీదికి పోతుంది అనుమానం? నేను నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

"మిషను తొక్కు," అన్నారు మాస్టారు. అంతే. ఆ మధ్యాహ్నమంతా ట్రెడిల్ చప్పుడు తప్ప ప్రెస్సులో ఇంకో మాట లేదు. పత్రిక ఒక్క అక్షరం మారకుండా అచ్చయింది.

శనివారం ఆయన పత్రికలు తీసుకుని గుడిసెల దగ్గరికి పోయారు. గుడిసెలు ఖాళీగా ఉన్నాయట. పొయ్యిల్లో బూడిద ఉందట. శుక్రవారం పొద్దున్నే లారీ తెచ్చి కూలీలందర్నీ ఎక్కించి పంపించేశారని పక్క బట్టీవాళ్ళు చెప్పారట. ఎక్కడికో ఎవరికీ తెలియదు. అచ్చు కాకముందు తెలియడమంటే ఏమిటో నాకు ఆరోజు తెలిసింది. తర్వాత తెలిసి ఉంటే ఆ ఆడవాళ్ళు అక్కడే ఉండేవాళ్ళు, జరిగింది చెప్పేవాళ్ళు.

ఆ సంగతి భాయ్ చెప్పాడు గాని మాస్టారు చెప్పలేదు. ఆయన మా ప్రెస్సుకు రావడం మానేశారు. వచ్చే వారం నుంచి గుంటూరులో వేయిస్తారట అని అనుకున్నారు. మా ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయేవారు. షాపు దగ్గర ఎవరో "ఎంతకమ్మావురా మాస్టార్ని?" అన్నారని తెలిసింది. నాలుగు రోజులు అట్లా గడిచాయి.

అయిదో రోజు సాయంత్రం నాలుగింటికి నేను ఒక్కదాన్నే వీధి దాటి మాస్టారింటికి వెళ్ళాను. వరండాలో కూర్చుని పాత ట్యూబుకు దారం చుట్టి చూసుకుంటున్నారు. కూర్చోమన్నారు. కూర్చోలేదు. "ప్రూఫు నేనే ఇచ్చానండీ. కార్డులకి చుట్టాను. చూసుకోలేదు. మా ఆయనకేం తెలవదు," అని ఒక్క గుక్కలో చెప్పి ఏడ్చాను.

ఆయన నా ఏడుపు ఆగిందాకా ఆగారు. తర్వాత ట్యూబు మీద ఒకచోట దారంతో చిన్న ఉచ్చు వేసి లాగారు. బిగిసి చుక్కంతయింది. ఇంకో దారం ట్యూబు కంతలోంచి తీసి ముడేసి లాగారు. బిగియలేదు.

"చూశావా, ఇది చుక్క కాదు. కంత లేనట్టు ఎంత లాగినా అవదు. ఆ ఆడవాళ్ళు పోయారు. నువ్వు కావాలని చెయ్యలేదు, నిజమే. అయినా పోయారు. రెండూ ఉన్నాయి. ఒకటి చెప్పి ఇంకోటి మాయం చెయ్యలేం."

ఓదార్చలేదు, నిందించలేదు. ఆ రెంటికంటే ఆ మాటే నన్ను నిలబెట్టింది.

ఆయన నాతోపాటు లేచి ప్రెస్సుకు వచ్చారు. మా ఆయన ముందు నిలబడి, "నిన్ను అనుమానించాను. తప్పు చేశాను," అన్నారు. అంత పెద్దాయన. మా ఆయన కంగారుపడి స్టూలు తుడిచారు. తర్వాత మా ఆయన నా వైపు తిరిగి మెల్లిగా అన్నారు: "పసుపు నేనూ చూశానే."

అప్పుడు అర్థమైంది, ఆ రోజు ఆయన తల ఎందుకు దించుకున్నారో.

ఆ వారం పత్రికలో మాస్టారు నాలుగు పంక్తులు రాశారు. గత సంచికలోని వార్త అచ్చుకు ముందే మా చేతుల్లోంచి బయటికి పోయిందని, దానివల్ల కొందరికి కీడు జరిగిందని, బాధ్యత తనదని. అది కంపోజు చేస్తూ నా పేరు కూడా వెయ్యమన్నాను. "వద్దు. రేపు కోర్టుకి పిలుస్తారు. ఇది పదిమందిలో నిలబడగలదా?" అన్నారు మా ఆయన. నేను మాస్టారి వైపు చూశాను.

"నేను చెప్పమనను, వద్దనను. నీ మాటకి ముందు నేనూ నిలబడకూడదమ్మాయ్, మీ ఆయనా నిలబడకూడదు. ఎప్పుడు చెప్పాలో నీకే తెలుస్తది."

నేను చెప్పలేదు. భయపడ్డాను. అంతకంటే కారణం లేదు.

బట్టీ యజమాని పరువునష్టం కేసు వేశాడు. ముద్దాయిలు ఇద్దరు, రాసినందుకు మాస్టారు, అచ్చువేసినందుకు మా ఆయన. చనిపోయింది ఒక్కరేనని వాళ్ళ వాదన. మూడేళ్ళు వాయిదాలు నడిచాయి. ప్రతి వాయిదాకూ మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని, మా ఆయన్ని పిలుచుకుని నడిచి వెళ్ళేవారు. ముందురోజు ఎవరైనా ధైర్యం చెప్పబోతే, "తప్పుంటే అచ్చయ్యాక శిక్షించమని అడిగింది మనమేగా. ఇప్పుడు రమ్మంటే పోవద్దా?" అనేవారు. సాక్షులున్నారా అని జడ్జిగారు అడిగినప్పుడు, "ఉన్నారండీ. ఎక్కడున్నారో తెలవదు," అన్నారట. ముగ్గురు అన్న అంకె మార్చుకుంటే రాజీకి వస్తామని రెండుసార్లు కబురొచ్చింది. మిగతావన్నీ మార్చడానికి ఆయన ఒప్పుకున్నారు. క్షమాపణ కూడా చెబుతానన్నారు. అంకె మాత్రం మార్చనన్నారు.

పోయినవారం వాయిదాకు వెళ్ళొచ్చిన మూడో రోజే ఆయన పోయారు. చనిపోయిన మనిషి మీద కేసు ఉండదట. ఇప్పుడు ముద్దాయి మా ఆయన ఒక్కరే.

నిన్న మధ్యాహ్నం ఒక ఆడమనిషి ప్రెస్సు గుమ్మం దగ్గరికి వచ్చింది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. మెడలో ఏమీ లేదు. చేతిలో సంచి.

"మాస్టరు సచ్చిపోయిండంట గద. లారీ డ్రైవరు చెప్పిండు. పేపరుల నా పెనిమిటి పేరు ఏసిండన్నరు. నేను సూడలే. ఉన్నదా?"

మా ఆయన ఊళ్ళో లేరు. నేనే పాత సంచికల కట్ట విప్పి, ఆ పత్రిక తీసి బల్ల మీద పరిచాను. ఆమెకు చదువు రాదు. పేరు చెప్పింది. మూడు పేర్లలో అది రెండోది. చూపించాను. ఆమె దాని మీద చూపుడువేలు పెట్టింది.

"పేపరు రాకముందే వాళ్ళకెట్ల తెలిసింది? పొద్దుగాల్నే లారీ తెచ్చిండ్రు. పదోనాటి కర్మ గూడ సెయ్యనియ్యలే. ఎవరు చెప్పిండ్రు?"

ప్రెస్సులో నేనూ ఆమే ఉన్నాం.

"నేను," అన్నాను. "నేనే అక్కా." శుభలేఖల సంగతి, కాగితం సంగతి మొత్తం చెప్పాను. ఈసారి ఏడవలేదు. ఆమె ముందు ఏడవటానికి నాకు హక్కు లేదనిపించింది.

ఆమె నా మొహం చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఫర్వాలేదని కూడా అనలేదు. తర్వాత చూపు పత్రిక మీదికి తిప్పుకుంది.

"వాయిదా ఏనాడు?" అని అడిగింది.

చెప్పాను. ఆమె సంచి భుజం నుంచి దించి గోడవారగా పెట్టింది. వేలు మాత్రం ఆ పేరు మీది నుంచి తియ్యలేదు.